రంగు క్రీము, రీలు, ఇంట్లో అన్న మాట

ప్రశ్న: మా అమ్మాయికి ఇరవై ఏళ్లు, డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. నిరుడు వచ్చిన ఒక సంబంధం వాళ్లు పిల్ల చామనఛాయ అని వెనక్కి తగ్గారు. ఆ తర్వాత తను ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌లో అందరూ పొగుడుతున్న ఒక క్రీము తెప్పించుకుని నాలుగు నెలలుగా రాసుకుంటోంది. రంగు తేలిన మాట నిజం. నేనూ మురిసిపోయి రెండు వారాలు రాసుకున్నాను. ఈ మధ్య పొద్దున్నే తన కళ్ల కింద ఉబ్బుతోంది, సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి. మానేయమంటే వినదు. ఒకసారి పది రోజులు మానేస్తే ముఖం మళ్లీ నల్లబడిందట. ఫోను లాక్కుని అకౌంటు తీయించేయమని మావారు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, భీమవరం

జవాబు: అమ్మా, ఫోను సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ వాపు సంగతి చూడాలి. ఈ జవాబు చదివిన రోజే క్రీము ఆపించి, మర్నాడే అమ్మాయిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, మూత్రంలో ప్రొటీను పోతోందేమో పరీక్ష చేయించండి. అది చిన్న పరీక్షే, మామూలు ల్యాబులో కూడా చేస్తారు. మూత్రంలో నురగ ఎక్కువగా కనిపిస్తోందేమో మీరే అడగండి, ఎందుకంటే ఆ వయసు పిల్లలు ఇలాంటివి తమంతట తాము చెప్పరు. క్రీము డబ్బాను కోపంతో పారేయకుండా, మూత బిగించి ప్లాస్టిక్ సంచిలో పెట్టి డాక్టరుకు చూపించండి.

ఇంత తొందర పెట్టడానికి కారణం ఉంది. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లోని ఒక ఆసుపత్రి డాక్టర్లు 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు వరకు, మూత్రపిండాల వడపోత పొర దెబ్బతిని ప్రొటీను బయటికి పోయే జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలించారు. వారిలో 15 మందిది అరుదుగా కనిపించే ఒకే రకం జబ్బు కాగా, ఆ 15 మందిలో 13 మంది తాము రంగు తేల్చే క్రీములు వాడుతున్నట్లు ఒప్పుకున్నారు. క్రీముల్లోని పాదరసం వైపు డాక్టర్లు వేలు చూపారు. ఊరటనిచ్చే సంగతి ఏమిటంటే, క్రీము మానేశాక వారిలో చాలామందికి నయమైంది.

మీ అమ్మాయి వాడుతున్న డబ్బాలో పాదరసమే ఉందని నేను అనడం లేదు, అది పరీక్షలోనే తేలాలి. కానీ మానేయగానే ముఖం నల్లబడిందన్న మాట ఆలోచించదగ్గది. పాదరసం చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని అడ్డుకుంటుంది కనుక తెలుపు త్వరగా కనిపిస్తుంది, ఆ అడ్డు తొలగగానే రంగు తిరిగి వస్తుంది. ఈలోగా అది చర్మంలోంచి రక్తంలోకి దిగి మూత్రపిండాల్లో పేరుకుంటుంది. ఇలాంటి డబ్బాల్లో స్టెరాయిడ్ కలిసి ఉండటమూ కద్దు. అప్పుడు మానేశాక ముఖం ఎర్రబడి మండవచ్చు, కాబట్టి చర్మవ్యాధుల డాక్టరును కూడా కలవండి. డబ్బా మీద తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు ఉన్నాయేమో అమ్మాయి చేతే చూపించి చదివించండి. లేకపోతే, అవి లేకపోవడమే తనకు మీకంటే గట్టిగా చెబుతుంది.

రీల్స్ గురించి ఎక్కువ చెప్పను. ఒకటి చివరిదాకా చూస్తే అలాంటివే పది వస్తాయి, పది చూసిన పిల్లకు ఊరంతా అదే రాసుకుంటోందనిపిస్తుంది. డబ్బు తీసుకుని పొగిడేవారు ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రచారానికి పది లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే యాభై లక్షల వరకు జరిమానా వేసే వీలు చట్టంలో ఉంది. అయినా ఆ జరిమానా మీ అమ్మాయి పాదాల వాపును తగ్గించదు కదా.

నాకు మీ ఉత్తరంలో ఎక్కువ బాధ కలిగించింది రీలు కాదు. ఎవరో ముఖం చూడని మనిషి ‘తెల్లబడండి’ అంటే నమ్మి నాలుగు నెలలు రాసుకోవడానికి ముందు, చామనఛాయ అన్న మాట మీ ఇంటి వరండాలో కూర్చున్నవాళ్ల నోటి నుంచి తను విన్నది. వాళ్లు వెళ్లిపోయాక ఆ మాట తప్పని ఇంట్లో ఎవరైనా అన్నారా? రంగు తేలినప్పుడు మీరు మురిసిపోవడం కూడా తను చూసే ఉంటుంది. ఇంట్లో విన్నదానికే ఫోను వంత పాడింది, అంతే. మీరు తల్లిగా చేసిన నేరం ఏదో ఉందని ఇలా అనడం లేదు. మన బయోడేటాల్లో ‘మంచి రంగు’ అని రాయని ఇళ్లు ఎన్ని ఉంటాయి చెప్పండి.

అందుకే ఫోను లాక్కోవద్దంటున్నాను. లాక్కుంటే స్నేహితురాలి ఫోనులో చూస్తుంది, క్రీము హాస్టల్ గదిలోనో బట్టల అడుగునో దాస్తుంది, అంతకంటే ప్రమాదం ఏమిటంటే ఇకమీదట వాపు కనిపించినా మీకు చెప్పదు. మీవారికి నిజంగా చేయదగ్గ పని ఇంకొకటి ఉంది: సంబంధాలు చూసే పెళ్లిళ్ల పేరయ్యకు ఫోను చేసి, పిల్లది చామనఛాయ అని ముందే చెప్పమని, రంగు దగ్గర పేచీ పెట్టేవాళ్లను గడప దాకా తీసుకురావద్దని, ఫిల్టరు లేని ఫోటోనే పంపుతామని చెప్పడం. ఆ సంభాషణ అమ్మాయి వినేలా జరిగితే మరీ మంచిది. ఆ తర్వాత ఏయే అకౌంట్లు చూడటం మానుకోవాలో తనే తేల్చుకుంటుంది, మీరు పక్కన కూర్చుంటే చాలు.

మీరూ ఆ క్రీము రాసుకున్నారు కనుక పరీక్ష మీకూ అవసరమే. ల్యాబులో ముందు మీ పేరు రాయించి, తర్వాత తన పేరు రాయించండి.