జీతంలో సగం టోంగాకు పంపే అబ్బాయి

ప్రశ్న: మాది విజయవాడ. 16 ఏళ్లుగా సిడ్నీలో, పర్రమట్టా దగ్గర ఉంటున్నాం. మా అమ్మాయి ఫిజియోథెరపిస్ట్. రగ్బీ లీగ్ ఆడే అబ్బాయిని పెళ్లి చేసుకుంటానంటోంది. అతని వాళ్లది పసిఫిక్ సముద్రంలోని టోంగా దీవుల దేశం. సిడ్నీలోనే పుట్టాడు, 25 ఏళ్లు. పెద్ద టీములో ఇంకా చోటు రాలేదు. కింది పోటీల్లో ఆడుతూ, పగలు పరంజాలు కట్టే పనికి వెళ్తాడు. మొన్న భోజనానికి పిలిచాం. వినయంగానే ఉన్నాడు, గోంగూర మూడుసార్లు వేయించుకున్నాడు. మధ్యలో ఫోనొస్తే బయటికెళ్లి మాట్లాడి వచ్చి, టోంగాలో పెదనాన్న పోయారనీ, ఖర్చులకు 2,000 డాలర్లు పంపాననీ చెప్పాడు. సంపాదనలో సగం ఇలాగే పోతుందట. పైగా ఆస్ట్రేలియా పిలిచినా టోంగాకే ఆడతానన్నాడు. ఆ రాత్రి నుంచి నాకు నిద్ర లేదు. మావారు ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు రెండు భయాల్ని కలిపేశారు. డబ్బు పంపడం ఒకటి, ఆట ఎన్నాళ్లుంటుందన్నది ఇంకొకటి. మీకు మొదటిదాని మీద నిద్ర పట్టడం లేదు. నేనైతే రెండోదాని గురించి ఆలోచిస్తాను.

టోంగా జనాభా మొత్తం కలిపి లక్షే. బయటున్న వాళ్లు పంపే డబ్బు ఆ దేశపు ఆదాయంలో మూడో వంతు దాటుతుంది. చావైనా, పెళ్లైనా, చర్చిలో ఏటా కానుకలిచ్చే మిసినలే రోజైనా ఇంటి పరువు నిలబెట్టాల్సింది బయట సంపాదించే కొడుకే. మీవారు సిడ్నీ వచ్చిన కొత్తలో ఊరికి డబ్బు పంపలేదా? మీరు రాయలేదు గానీ, పంపే ఉంటారు. అప్పుడు మీరెన్నిసార్లు పళ్లు బిగబట్టారో అమ్మాయికి తెలియదు. అది చెప్పండి, దెప్పిపొడుపులా కాకుండా లెక్కలు చెబుతున్నట్టు.

వాళ్లిద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సింది ఒకటే: నెలకింత అని టోంగాకు పంపడానికి విడిగా పెట్టుకుని, అది అయిపోతే 'ఈ నెల లేదు' అని అతను అనగలడా? పెద్దవాళ్లతో లేదనడం అక్కడి పిల్లలకు మనకన్నా కష్టం. పెద్ద క్లబ్బుల్లో ఆటగాళ్ల మంచిచెడ్డలు చూసే మనుషులుంటారు. అలాంటివాళ్ల సాయం తీసుకోవడం నామోషీ కాదని మీ అమ్మాయి చెబితే వింటాడేమో.

టోంగా జెర్సీ గురించి దిగులు పడకండి. జీతమిచ్చేది క్లబ్బు, దేశం కాదు. జేసన్ తౌమలోలో అనే పేరున్న ఆటగాడు న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో పుట్టి, న్యూజిలాండ్‌కు ఆడి, 2017 ప్రపంచకప్ ముందు టోంగాకు మారిపోయాడు. అప్పట్లో టోంగాకు ఆడితే మ్యాచ్ ఫీజు బాగా తక్కువ. ఆ కప్పులోనే హామిల్టన్‌లో టోంగా 28-22తో న్యూజిలాండ్‌ను ఓడించింది. 2019లో ఆస్ట్రేలియానూ 16-12తో ఓడించింది. 2017లోనే తౌమలోలో నార్త్ క్వీన్స్‌లాండ్ క్లబ్బుతో పదేళ్ల ఒప్పందం చేసుకున్నాడు, కోటి డాలర్ల దాకా అని రాశారు. జెర్సీ మారినందుకు ఆ ఒప్పందం పోలేదు కదా.

కానీ అందరూ తౌమలోలోలు కారు. ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ పెద్ద క్లబ్బులు ఆడే పోటీ ఎన్ఆర్ఎల్‌లో ఒక్కో క్లబ్బుకు ప్రధాన ఒప్పందాలు 30 మందికే. 2023లో ఆ జాబితాలో ఉన్నవాడి కనీస జీతం ఏడాదికి 1,20,000 డాలర్లు. బయటున్నవాడికి ఆ హామీ లేదు. పాతికేళ్లు దాటాక పైకొచ్చినవాళ్లూ ఉన్నారు, కానీ ఆ ఆశ మీద ఇంటి లోన్ తీసుకోకూడదు. మోకాలి లిగమెంట్ తెగితే సీజన్ మొత్తం పోయినట్టే. తలకు దెబ్బ తగిలి కంకషన్ (మెదడు అదరడం) అని తేలితే మామూలుగా 11 రోజులు ఆడనివ్వకూడదని ఎన్ఆర్ఎల్ 2023 సీజన్ నుంచి నియమం పెట్టింది. ఇవన్నీ నాకన్నా మీ అమ్మాయికే బాగా తెలుసు. రోజూ ఇలాంటి మోకాళ్లు చూసే పిల్ల! అందుకే 'వాడు మనకొద్దు' అనకుండా ఆమెను ఇవి అడగండి: ఒప్పందం ఎప్పటిదాకా ఉంది? ఇప్పటికి ఎన్ని కంకషన్లు అయ్యాయి? 30 ఏళ్లకు ఏం చేద్దామనుకుంటున్నాడు?

నిజం చెప్పాలంటే, మీ ఉత్తరంలో నాకు ధైర్యమిచ్చింది ఆ పరంజా పనే. ఎత్తు పరంజాలు కట్టడానికి అక్కడ లైసెన్సు కావాలి. అది చేతికొచ్చిందో లేదో కనుక్కోండి. వచ్చి ఉంటే, ఆట ఆగినా కుర్రాడు ఖాళీగా కూర్చోడు.

మీవారిని ఇప్పుడే ఒప్పించాలని చూడకండి. ఒకసారి కింది టీము మ్యాచ్‌కు తీసుకెళ్లండి, చాలు. మాట్లాడకపోతే మానె, పక్కన కూర్చుంటారు కదా.

ఆ తర్వాత వాళ్లింటికి వెళ్లండి. ఆదివారమైతే చర్చి అయ్యాకే. చేమాకులో మాంసం, కొబ్బరిపాలు పొట్లం కట్టి వండుతారు, అందులో గొడ్డు మాంసం ఉండొచ్చు. మీరు తినరని అమ్మాయి చేత ముందే చెప్పించండి. అక్కడికెళ్లి ముఖం చిట్లించుకోవడం కన్నా అదే మర్యాద. ఇంకో సంగతి. వాళ్లలో మేనత్తకు మనకన్నా పెద్ద పీట వేస్తారు, తండ్రి కంటే ఆమె మాటకే గౌరవం ఎక్కువ. పెళ్లిళ్లలో మేలైన చాపలు, చెట్టు బెరడుతో చేసిన బట్టలు ఆమెకు దక్కుతాయి. అబ్బాయి తల్లికి చీర పట్టుకెళ్తే, మేనత్తకు అంతకన్నా ఒక పిసరు మంచి చీర పట్టుకెళ్లండి.