సాయంత్రం ఎర్రగా, అర్ధరాత్రి తెల్లగా వెలిగే బల్బు: తప్పు బల్బుది కాదు

సాయంత్రం ఏడింటికి బల్బు ఎర్రగా మసకబారుతోంది, రాత్రి పదకొండు దాటాక కళ్లు మిరుమిట్లు గొలుపుతోంది, నెలకొకటి మాడిపోతోంది, బల్బులు నాసిరకమా, ఎల్‌ఈడీ వేస్తే సరిపోతుందా అని అడిగారు. మీరు చెప్పిన వేళల్లోనే జవాబుంది. సాయంత్రం ఊరంతా ఒకేసారి ఫ్యాన్లు, టీవీలు, మోటార్లు వేస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, లైను చివర ఉన్న ఇళ్లకు చేరేసరికి వోల్టేజీ పడిపోతుంది. అందరూ పడుకున్నాక అదే లైనులో పెరుగుతుంది. మా ఇల్లూ లైను చివరిదే. చిన్నప్పటి నుంచి ఇది చూస్తూనే ఉన్నాను.

మనకు రావలసింది 230 వోల్టులు. ఫిలమెంట్ బల్బులోని సన్నని టంగ్‌స్టన్ తీగ సుమారు 2,500 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కితేనే సరైన వెలుగు వస్తుంది. వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. ఆయుష్షు విషయంలో లెక్క ఇంకా కఠినం. వోల్టేజీ 5 శాతం పెరిగితే బల్బు బతికే కాలం సగమవుతుంది. 253 వోల్టులు వచ్చిందంటే మూడో వంతు కూడా మిగలదు. మాడిపోయిన బల్బును వెలుతురుకు పట్టి చూడండి: తీగ నుంచి ఆవిరైన లోహం గాజు లోపల నల్లటి పొరగా పేరుకుని ఉంటుంది. అమెరికాలో, కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ అగ్నిమాపక కేంద్రంలో 1901లో పెట్టిన బల్బు ఇంకా వెలుగుతోంది. దాని వెలుగు ఇప్పుడు 4 వాట్ల దీపమంత. అంత నెమ్మదిగా కాలుతుంది కనుకే అంతకాలం నిలిచింది.

ఇదంతా మామూలు హెచ్చుతగ్గుల సంగతి. అసలు భయపడవలసింది వేరే ఉంది. మా ఇంట్లో మూడు ఫేజుల కనెక్షన్, అంటే కరెంటు తెచ్చే తీగలు మూడు, గదులు వేర్వేరు తీగల మీద ఉంటాయి. ఒక వర్షాకాలం సాయంత్రం వంటగది బల్బు ఆరిపోతున్న నిప్పుకణికలా ఎర్రబడింది. అదే క్షణంలో హాల్లో బల్బు తెల్లగా మండింది, ఫ్యాను హోరుమంది, టీవీ వెనక నుంచి కాలిన వాసన వచ్చింది. నాన్న పరుగున వెళ్లి మెయిన్ స్విచ్ ఆపేశారు. అప్పటికే టీవీ పోయింది. లైన్‌మన్ వచ్చి చూస్తే స్తంభం దగ్గర న్యూట్రల్ తీగ (మూడు ఫేజులకూ ఉమ్మడిగా, కరెంటు తిరిగి వెళ్లే తీగ) అతుకు నల్లగా కాలి విడిపోయి ఉంది. న్యూట్రల్ తెగితే రెండు ఫేజుల మీది సామాన్లు ఒకదాని వెనక ఒకటిగా 400 వోల్టులను పంచుకుంటాయి. ఒకవైపు 100 వాట్ల బల్బు, మరోవైపు 40 వాట్ల బల్బు మాత్రమే ఉన్నాయనుకోండి, చిన్నదాని మీద 280 వోల్టులకు పైనే పడుతుంది. అందుకే తక్కువ వాడకం ఉన్న గదిలోవే ముందు కాలిపోతాయి. ఒక గదిలో మసక, మరో గదిలో మితిమీరిన వెలుగు ఒకేసారి కనిపిస్తే కారణం తర్వాత వెతకవచ్చు, ముందు మెయిన్ ఆపండి.

ఇక ఎల్‌ఈడీ. తప్పకుండా వేయండి. మంచి రకం ఎల్‌ఈడీ బల్బులో ఉండే సర్క్యూటు, లోపలి దీపాలకు వెళ్లే కరెంటును ఒకే స్థాయిలో ఉంచుతుంది కాబట్టి 160 వోల్టులు వచ్చినా వెలుగు మారదు. కొనేటప్పుడు పెట్టె మీద ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల వరకు అని రాశారో చూడండి. మరీ చౌక రకాల్లో ఈ సర్క్యూటు ఉండదు, అవి పాత బల్బులాగే ఊగిసలాడతాయి. అయితే ఒక చిక్కుంది. ఎల్‌ఈడీ నిలకడగా వెలుగుతుంటే వోల్టేజీ బాగానే ఉందనుకుంటాం. లోపల ఫ్రిజ్ కంప్రెసర్ మాత్రం తక్కువ వోల్టేజీలో తిరగలేక, ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతూ ఉంటుంది. అందుకే ఇల్లంతా ఎల్‌ఈడీలు వేసినా, వసారాలో ఒక 40 వాట్ల పాత బల్బును ఇప్పటికీ ఉంచాను. అది ఎర్రబడగానే అమ్మ వెళ్లి ఫ్రిజ్ ఆపేస్తుంది.

ప్లగ్గులో పెట్టే చిన్న వోల్ట్‌మీటర్ ఒకటి కొని, వారం పాటు సాయంత్రం ఏడింటికి, రాత్రి పదకొండింటికి అంకెలు రాసుకోండి. ఆ కాగితంతోనే విద్యుత్ కార్యాలయానికి వెళ్లండి. మేము ఊరికే లో వోల్టేజీ అని చెప్పినంతకాలం ఎవరూ కదలలేదు. అంకెలు చూపించాకే వచ్చి ఫేజుల మీది భారం సరిచేశారు. వాళ్లు వచ్చినప్పుడు స్తంభం మీది న్యూట్రల్ అతుకు కూడా చూడమని అడగండి.