హెల్త్ పాలసీతో సైనస్ ఆపరేషన్ చేయించుకోవచ్చా?

ప్రశ్న: "రెండేళ్లుగా సైనస్‌తో అవస్థ పడుతున్నాను. డాక్టరు ఆపరేషన్ అంటున్నారు. సొంతంగా కట్టుకుంటున్న ప్రైవేట్ హెల్త్ పాలసీ ఉంది. దాంతో చేయించుకోవచ్చా? స్కానింగ్, డాక్టర్ ఫీజులు కూడా ఇస్తారా?"

చేయించుకోవచ్చండి. నేను 2024 అక్టోబర్‌లో చేయించుకున్నాను, బిల్లు చాలావరకు కంపెనీయే కట్టింది. కానీ ఆపరేషన్ రోజు ఒక పూటంతా నా ప్రాణం మీదికి వచ్చింది. కత్తి వల్ల కాదు, ఒక్క మాట వల్ల. ఆ సంగతి చెప్పకుండా "ఆ, కవర్ అవుతుంది" అని వదిలేస్తే మా ఏజెంటుకీ నాకూ తేడా ఉండదు. ఆయనా అదే అన్నాడు, "అన్నీ కవర్ అవుతాయి సార్, మీరు నిశ్చింతగా ఉండండి" అని. పాలసీ తీసుకున్న నెల నుంచి ఇవాళ్టి దాకా ఆయన నిశ్చింతగానే ఉన్నాడు.

ముందు మీ పాలసీ కాగితాల్లో వెయిటింగ్ పీరియడ్ అన్న పేజీ వెతకండి. సైనస్, ముక్కులో పాలిప్స్ (లోపల పెరిగే మెత్తటి కండ), దూలం వంకర, టాన్సిల్స్ లాంటి ఈఎన్‌టీ ఆపరేషన్లను దాదాపు ప్రతి వ్యక్తిగత పాలసీలోనూ ఒక జాబితాలో పడేస్తారు. కంటి శుక్లాలు, హెర్నియా, కిడ్నీలో రాళ్లు కూడా ఆ జాబితాలోనే ఉంటాయి. పాలసీ మొదలైన రోజు నుంచి సాధారణంగా 24 నెలలు నిండేదాకా వీటికి పైసా రాదు. ఆఫీసు ఇచ్చే గ్రూప్ పాలసీ అయితే చాలాచోట్ల ఈ గొడవ ఉండదు. పాత కంపెనీ నుంచి కొత్త కంపెనీకి పోర్ట్ అయినవాళ్లకు గడిచిన నెలలు కలిసొస్తాయి. మధ్యలో రెన్యువల్ తప్పిందా, మళ్లీ మొదటికి.

నా పాలసీ 2022 జూన్‌లో మొదలైంది. అక్టోబర్ నాటికి 28 నెలలు. కాబట్టి ధీమాగానే ఉన్నాను.

నా ముక్కు కథ పెద్దగా చెప్పను, మీకూ తెలిసే ఉంటుంది. వాసన పోయింది, నోటితో ఊపిరి, కళ్ల మధ్య బరువు. మెడికల్ షాపులో దొరికే ముక్కు చుక్కలు వారాల తరబడి వేసుకుని ఇంకా పాడు చేసుకున్నాను. ఆ జైలోమెటాజోలిన్ చుక్కలు కొద్ది రోజులు దాటి వాడితే ముక్కు వాటికే అలవాటు పడి, మానేయగానే మరింత మూసుకుపోతుంది. సీసా మీద ఆ ముక్క చీమ తలకాయంత అక్షరాల్లో ఎందుకు వేస్తారో, వేసినవాళ్లకే తెలియాలి. ఈఎన్‌టీ డాక్టరమ్మ మూడు నెలలు స్టెరాయిడ్ స్ప్రే, ఉప్పునీళ్లతో ముక్కు కడగడం పెట్టారు. తగ్గలేదు. సీటీ స్కాన్ తీస్తే రెండు వైపులా పాలిప్స్, దూలం వంకర. ముక్కు రంధ్రాల్లోంచే సన్నటి ఎండోస్కోప్ పంపి సైనస్ దారులు తెరుస్తారు, బయట కోత ఉండదు అన్నారు. దాన్నే ఫెస్ అంటారు. సరే అన్నాను.

ఇక ఆ రోజు. ముందు రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా లేవు. పొద్దున ఏడింటికి అడ్మిషన్. తొమ్మిదింటికల్లా వెనక ముడులు వేసే ఆ ఆకుపచ్చ గౌను తొడిగి, చేతికి క్యాన్యులా గుచ్చి, మణికట్టుకు పేరు పట్టీ కట్టి మంచం మీద కూర్చోబెట్టారు. పదకొండింటికి ఓటీ, అంటే ఆపరేషన్ థియేటర్. మా ఆవిడ కింద ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర, అమ్మ నా పక్కన.

అప్పుడొచ్చాడు ఒక కుర్ర డ్యూటీ డాక్టరు, కేస్ షీట్ పట్టుకుని. మర్యాదస్తుడే. "ఎన్నాళ్ల నుంచి అండీ ఈ ప్రాబ్లమ్?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు అమ్మ అందుకుంది. "పుట్టినప్పటి నుంచీ వీడి ముక్కు ఇంతే బాబూ. చిన్నప్పుడు చొక్కా చెయ్యంతా వీడి ముక్కుకే సరిపోయేది." ఆ అబ్బాయి నవ్వాడు. నేనూ నవ్వాను. అతను నవ్వుతూనే రాసుకున్నాడు.

ఏం రాశాడో పన్నెండింటికి తెలిసింది. ఊపిరాడక, మెట్లెక్కి వచ్చింది మా ఆవిడ.

"ఏవండీ, చిన్నప్పటి నుంచీ ఉందని మీరెందుకు చెప్పారు?"

"నేను చెప్పలేదే."

అమ్మ కిటికీ వైపు తిరిగింది.

జరిగిందేమిటంటే, డెస్క్ వాళ్లు క్యాష్‌లెస్ (మనం కట్టక్కర్లేకుండా బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడం) అనుమతి కోసం కేస్ షీట్ స్కాన్ చేసి బీమా కంపెనీకి పంపారు. క్యాష్‌లెస్ అడిగితే గంటలోపు తేల్చాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే 29న సర్క్యులర్ ఇచ్చింది. మా కంపెనీవాళ్లు గంటలోనే స్పందించారు, అబద్ధం ఆడకూడదు. కాకపోతే వచ్చింది అనుమతి కాదు, ప్రశ్న. "పేషెంటుకు జబ్బు బాల్యం నుంచి ఉన్నట్టు రాశారు. ప్రపోజల్ ఫారంలో చెప్పలేదు. మొట్టమొదటి కన్సల్టేషన్ కాగితాలు పంపండి." ప్రపోజల్ ఫారం అంటే పాలసీ తీసుకునేటప్పుడు మన జబ్బుల వివరాలు నింపే కాగితం.

అంటే 24 నెలల గీత దాటాననుకున్న నన్ను తీసుకెళ్లి పాత జబ్బుల గీత వెనక నిలబెట్టారు. అది వేరే గీత. పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బులకు వెయిటింగ్ ఇంతకుముందు 48 నెలల దాకా పెట్టేవారు, 2024 ఏప్రిల్ నుంచి 36 నెలలు మించకూడదన్నారు. ఎటు చూసినా నా 28 చాలవు. పైగా జబ్బు దాచిపెట్టాడన్న నింద.

ఓటీ టైము దాటిపోయింది. నా స్లాట్‌లో ఎవరిదో చెవి ఆపరేషన్ మొదలైంది. డెస్క్ అబ్బాయి మాత్రం చాలా ప్రశాంతంగా "డబ్బు కట్టేసి చేయించుకోండి మేడం, తర్వాత రీయింబర్స్‌మెంట్ పెట్టుకోవచ్చు" అంటాడు. ఆకలితో నా చెవుల్లో గాలి వీస్తోంది. ఆ గౌనులో కారిడార్‌లోకి వెళ్లి వాదించే పరిస్థితి కూడా కాదు, వెనక ముడి ఊడిపోతే అదో బాగోతం.

అప్పుడు మా ఆవిడ చేసిన పని ఏమిటంటే, ఫోన్‌లో పాలసీ తెరిచి, పాత జబ్బు అంటే ఏమిటో ఆ నిర్వచనం చదివింది. మీరూ ఇప్పుడే తెరిచి చదవండి. పాలసీ మొదలవడానికి ముందు ఇన్ని నెలల్లోపు (నా పాలసీలో అప్పుడు 48, ఇప్పుడు 36) డాక్టరు నిర్ధారించిన జబ్బు, లేదా డాక్టరు సలహా గానీ చికిత్స గానీ తీసుకున్న జబ్బు. అంతే. అమ్మ చెప్పింది అన్న మాట అందులో ఎక్కడా లేదు. చొక్కా చెయ్యి ప్రస్తావన అసలే లేదు.

నేను మొదటిసారి ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లింది 2024 ఏప్రిల్‌లో. ఆ చీటీ ఉంది. చిన్నప్పుడు అందరు పిల్లలకూ కారినట్టే నా ముక్కూ కారింది, దానికి ఏ డాక్టరూ సైనస్ అని పేరు పెట్టలేదు. మా ఆవిడ ఆ చీటీ, స్కాన్ రిపోర్టు పట్టుకుని రెండు ఆపరేషన్ల మధ్య బయటికొచ్చిన డాక్టరమ్మను ఓటీ తలుపు దగ్గర ఆపింది. ఆవిడ గోడకు ఆనించి లెటర్‌హెడ్ మీద నాలుగు వాక్యాలు రాసిచ్చారు. బాల్యంలో మామూలు జలుబులు అని ఇంట్లోవాళ్లు చెప్పినది, పాలిప్స్ మొదటిసారి గుర్తించింది ఫలానా తేదీన, అంతకుముందు చికిత్స తీసుకున్న ఆధారం లేదు, మందులకు తగ్గలేదు కాబట్టి ఆపరేషన్ అవసరం. నాలుగున్నరకు అనుమతి వచ్చింది. ఆరింటికి నన్ను లోపలికి తీసుకెళ్లారు. మత్తు ఎక్కేముందు నాకు గుర్తున్న చివరి ఆలోచన ఇడ్లీ.

ఇది చదివి అబద్ధం చెప్పమంటున్నానని అనుకోకండి. నిజంగా పాలసీకి ముందే ఈఎన్‌టీ దగ్గర చూపించుకుని ఉంటే ఫారంలో రాయాల్సిందే, దాచితే పాలసీయే రద్దు చేసే హక్కు వాళ్లకు ఉంటుంది. అయిదేళ్లు ఆపకుండా కట్టాక, మోసం రుజువైతే తప్ప ఆ వంకతో క్లెయిమ్ ఆపకూడదన్న రక్షణ ఉంది, కానీ అప్పటిదాకా ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని ఏం బతుకుతారు? నేను చెప్పేది వేరే. డాక్టరు ఎన్నాళ్ల నుంచి అని అడిగితే మనం తేదీ చెప్పం, బాధ చెబుతాం. "ఎప్పటి నుంచో", "ఏళ్ల తరబడి", "నా పెళ్లికి ముందు నుంచీ". మన భాషలో అవి ఊతపదాలు, కేస్ షీట్‌లో పడితే సాక్ష్యాలు. సైనస్ క్లెయిములు ఎక్కువగా ఆగేది ఆ ఒక్క వరుస దగ్గరేనని నా గట్టి నమ్మకం. లెక్కలు అడక్కండి, ఇన్సూరెన్స్ డెస్క్ ముందు అయిదు గంటలు నిలబడ్డ మా ఆవిడను అడగండి. ఆ వరుసలో ఏం రాశారో చూపించమని అడగడానికి మొహమాటపడొద్దు, మీ గురించే కదా రాసింది.

మీ ప్రశ్నలో రెండో ముక్కకు వస్తాను. ఊరికే ఓపీలో చూపించుకుంటే, మందులు కొనుక్కుంటే మామూలు పాలసీ ఇవ్వదు, ఓపీ కవర్ విడిగా ఉంటే తప్ప. కానీ అదే జబ్బుకు అడ్మిట్ అయితే, అంతకుముందు 30 లేదా 60 రోజుల్లో అయిన స్కాన్, కన్సల్టేషన్, మందుల బిల్లులు పెట్టుకోవచ్చు. ఎన్ని రోజులన్నది మీ పాలసీలో ఉంటుంది. నా తెలివితక్కువతనం ఏమిటంటే, స్కాన్ తీయించి ఆపరేషన్‌కు భయపడి మూడు నెలలు తాత్సారం చేశాను. స్కాన్ డబ్బు గోవిందా. ఆపరేషన్ తర్వాత ముక్కులో కట్టిన పొక్కులు శుభ్రం చేయడానికి నాలుగైదు సార్లు పిలుస్తారు, అవి కూడా 60 లేదా 90 రోజుల్లోపువి ఇస్తారు. చాలామంది డిశ్చార్జ్‌తో ఫైలు మూసేసి ఈ బిల్లులు వదులుకుంటారు. 24 గంటలు ఉండకుండా సాయంత్రానికే పంపించేస్తే, అది డే కేర్ కింద చెల్లుతుందేమో ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.

గది విషయంలో మా బావమరిది దెబ్బతిన్నాడు. అయిదు లక్షల పాలసీ, గది అద్దె పరిమితి ఒక శాతం, అంటే రోజుకు 5,000. అతగాడు 7,500 గది తీసుకుని "ఆ రెండున్నర వేలు నేను కట్టుకుంటాలే" అన్నాడు. అలా కుదరదు. గది ఏ నిష్పత్తిలో దాటిందో ఆ నిష్పత్తిలోనే సర్జన్ ఫీజు, ఓటీ ఛార్జీలు కూడా కోస్తారు. మందులకు, పరీక్షలకు ఆ కోత ఉండకూడదు కానీ మిగతావాటికే అతని తల తిరిగింది.

దూలంతో పాటు పనిలో పనిగా ముక్కు ఆకారం కూడా సరిచేయించుకుందామని ఎవరైనా సలహా ఇస్తే చెవిన పెట్టకండి. అందం కోసం చేసేదానికి పాలసీ ఇవ్వదు, రెండూ కలిపి రాస్తే అసలుదానికీ ప్రశ్నలు మొదలవుతాయి.

డిశ్చార్జ్ రోజు ఇంకో వింత. తుది బిల్లు అందాక మూడు గంటల్లో కంపెనీ తేల్చాలి, ఆలస్యమైతే ఆ పైన ఆసుపత్రి వేసే ఖర్చు కంపెనీయే భరించాలి. చాలా బావుంది. మావాళ్లు రెండు గంటల్లో తేల్చారు. కానీ ఆసుపత్రి ఆ బిల్లు తయారు చేసి పంపడానికే అయిదు గంటలు పట్టింది, ఆ అయిదు గంటలు లెక్కలోకే రావు. చివరికి గ్లవ్స్, మాస్కులు, రిజిస్ట్రేషన్ ఛార్జీ వగైరాలు చెల్లవని కొట్టేసి మాచేత కట్టించారు. గ్లవ్స్ లేకుండా ఆపరేషన్ చేస్తారా అని అడిగింది అమ్మ. ఆమె నోరు తెరిస్తేనే భయమేసే స్థితిలో ఉన్నాం, ఎవరం జవాబు చెప్పలేదు.

మీకు క్యాష్‌లెస్ రాదంటే క్లెయిమ్ చచ్చినట్టు కాదు. డబ్బు కట్టి రీయింబర్స్‌మెంట్ పెట్టండి. అదీ తిరస్కరిస్తే ఏ నిబంధన కింద కాదన్నారో రాతలో అడగండి. కంపెనీలో ఫిర్యాదు చేసి నెల దాటినా తేలకపోతే, లేదా వాళ్ల జవాబు మీకు నచ్చకపోతే బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

మీ ప్రశ్నలో "రెండేళ్లుగా" అని రాశారు చూడండి, నాకు అక్కడే గుండె గుభేలుమంది. నిజంగా రెండేళ్లేనా? పాలసీ మొదలైన తేదీ, మొదటిసారి ఈఎన్‌టీకి చూపించుకున్న చీటీ మీది తేదీ, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసి ఇక్కడే రాయండి. ఏది ముందో తెలిస్తే మిగతాది చెబుతాను.