బ్రోకర్ లేకుండా ఫ్లాట్ కొనకూడదా?

ప్రశ్న: మాది హనుమకొండ. హైదరాబాద్ నిజాంపేటలో పన్నెండేళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంట్‌లో ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ చూశాం. నాలుగో అంతస్తు, ధర 68 లక్షలు. చూపించిన బ్రోకర్ 2 శాతం కమిషన్ అడిగితే అప్పటికి సరే అన్నాం. ఇప్పుడు అందులో సగం టోకెన్ అడ్వాన్స్ రోజే కావాలంటున్నాడు. బ్రోకర్ లేకపోతే రిజిస్ట్రేషన్ కాదని, ఈసీ (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తనే తీయించాడు కాబట్టి లాయర్‌తో పనిలేదని కూడా చెబుతున్నాడు. ఈలోగా వాచ్‌మన్ ద్వారా ఓనర్ నంబర్ దొరికింది. బ్రోకర్‌ను పక్కనపెట్టి నేరుగా కొనుక్కోవచ్చా?
– ఒక పాఠకుడు

సమాధానం: రిజిస్ట్రేషన్‌కు బ్రోకర్ ఉండాలని ఏ చట్టమూ చెప్పలేదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కావాల్సింది అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, ఇద్దరు సాక్షులు, దస్తావేజు, స్టాంప్ డ్యూటీ కట్టిన చలాన్. ఫొటోలు, వేలిముద్రలు మీవీ ఓనర్‌వీ తీసుకుంటారు. బ్రోకర్ మహా అయితే సాక్షిగా ఓ సంతకం పెడతాడు. ఆ సంతకం మీ బావమరిది కూడా పెట్టగలడు.

అలాగని ఇప్పుడు అతన్ని దాటుకుని ఓనర్ దగ్గరికి వెళ్లమని నేను చెప్పను. ఇల్లు చూపించింది అతను, కమిషన్‌కు సరే అన్నది మీరు. కాగితం మీద లేకపోయినా అది ఒప్పందమే. చూపించిన తేదీ, వాట్సాప్ మెసేజ్‌లు అతని ఫోన్‌లో ఉంటాయి. వాటితో కోర్టుకెళితే మీరు సమాధానం చెప్పుకోవాలి. పైగా అతను ఓనర్‌కు ఫోన్ చేసి డీల్ చెడగొట్టడానికి కోర్టు కూడా అక్కర్లేదు.

మీరు గట్టిగా మాట్లాడాల్సింది కమిషన్ ఎప్పుడు ఇవ్వాలన్న దాని గురించి. 68 లక్షల మీద 2 శాతమంటే 1,36,000 రూపాయలు. వేరే ఒప్పందం లేనప్పుడు, పని పూర్తయ్యాకే ఏజెంటుకు ప్రతిఫలం ఇవ్వాలని 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 219వ సెక్షన్ చెబుతోంది. ఇక్కడ పని పూర్తవడమంటే రిజిస్ట్రేషన్ అవడం. టోకెన్ రోజున ఒక్క రూపాయి ఇవ్వకండి. రిజిస్ట్రేషన్ రోజున బ్యాంకు ద్వారా ఇస్తానని ఇప్పుడే మెసేజ్ పెట్టండి. శాతం కూడా చట్టం నిర్ణయించింది కాదు, బేరమాడవచ్చు. ఓనర్ దగ్గర కూడా తీసుకుంటున్నాడా అని అడగండి. ఓనర్‌తో ఒకసారి ముఖాముఖి కూర్చుని ధర ఆయన నోట వినండి. ఓనర్‌కు 65 చెప్పి మీకు 68 చెప్పే బ్రోకర్లు ఉన్నారు. మీ ఏజెంటుగా ఉంటూ మీకు తెలియకుండా అలా మిగుల్చుకుంటే ఆ లాభం మీరు అడగవచ్చని అదే చట్టం 216వ సెక్షన్‌లో ఉంది.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) సంగతి ఒక్క మాటలో చెబుతాను. రెరాలో నమోదైన ప్రాజెక్టులో ఫ్లాట్ అమ్మిపెట్టే ఏజెంటుకు రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి, దాని నంబర్ అడిగే హక్కు మీకుంది. మీది 2016 చట్టం రాకముందే కట్టిన బిల్డింగ్‌లో రీసేల్ ఫ్లాట్. కాబట్టి ఆ రక్షణ మీద ఆశ పెట్టుకోకండి.

నాకు భయమేసింది మీ ప్రశ్నలోని ఈసీ మాట చూసి. బ్రోకర్‌కు డబ్బు వచ్చేది డీల్ అయితేనే. అలాంటి మనిషిని ఈ డీల్ మంచిదేనా అని అడిగితే ఏం చెబుతాడు? ఒక క్లయింట్ ఇలాగే బ్రోకర్ తెచ్చిన ఈసీ పట్టుకుని వచ్చారు. ‘క్లియర్’ అని పైన పెన్నుతో రాసి ఉంది. లోపల మూడో ఎంట్రీలో ఆ ఫ్లాట్ మున్సిపల్ కమిషనర్ పేర తనఖాలో ఉంది. అనుమతికి మించి కట్టకుండా హామీగా బిల్డర్ నుంచి 10 శాతం విస్తీర్ణం తనఖా పెట్టించుకుంటారు, కట్టడం అనుమతి ప్రకారమే ఉందని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చాక విడుదల చేస్తారు. ఆ విడుదల ఎంట్రీ ఎక్కడా లేదు. బ్రోకర్‌ను అడిగితే ‘అది ఫార్మాలిటీ సార్’ అన్నాడట. చివరికి ఆ ఫ్లాట్‌కు బ్యాంకు లోన్ ఇవ్వలేదు.

ఈసీ అంటే, మీరు ఇచ్చిన వివరాలకు సరిపోయే రిజిస్టర్డ్ లావాదేవీల జాబితా. అంతే. ఒక్క ఫ్లాట్ నంబర్ ఇస్తే ఆ నంబర్‌కు ఉన్నవే వస్తాయి. ఆ స్థలం సర్వే నంబర్ మీద పాత చరిత్ర రాదు. అందుకే సర్వే నంబర్, ప్లాట్ నంబర్ ఇచ్చి 1983 నుంచి మీరే ఇంకో ఈసీ తీయండి, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. కోర్టు కేసులు, రిజిస్టర్ కాని వీలునామాలు, అన్నదమ్ముల నోటి పంపకాలు ఈసీలో కనిపించవు. ఒరిజినల్ పత్రాలు ఓనర్ చేతిలో ఉన్నాయో, బ్యాంకులో ఉన్నాయో కళ్లతో చూడండి. జిరాక్స్ చూసి తృప్తిపడకండి.

ఇంకోటి. పన్నెండేళ్ల కిందట నిజాంపేట గ్రామ పంచాయతీ. పంచాయతీ అనుమతితో రెండంతస్తులకు ప్లాన్ తెచ్చి పైన ఇంకా వేసుకుంటూ పోయిన బిల్డింగ్‌లు ఆ చుట్టుపక్కల చూశాం. మీది నాలుగో అంతస్తు. మంజూరైన ప్లాన్‌లో ఆ అంతస్తు ఉందా లేదా అన్నది అన్నిటికంటే ముందు చూడాలి. లేకపోతే ధర ఎంత తగ్గించినా వద్దనే అంటాను.

లింక్ డాక్యుమెంట్లు (ఆస్తి ఇంతకుముందు చేతులు మారిన దస్తావేజులు) చూసి లీగల్ ఒపీనియన్ ఇవ్వడానికి లాయర్ ఫీజు మీ బ్రోకర్ కమిషన్‌లో చిన్న ముక్క. బ్యాంకు లోన్ పెట్టినా బ్యాంకు ప్యానెల్ లాయర్ చూసేది బ్యాంకు కోసం, మీ కోసం కాదు.

టోకెన్ ఎంతయినా చెక్కు లేదా ఆన్‌లైన్‌లోనే, అదీ ఓనర్ ఖాతాకే వేయండి, బ్రోకర్ ఖాతాకు కాదు. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. పత్రాల్లో తేడా వస్తే టోకెన్ తిరిగి ఇవ్వాలని రసీదులో రాయించుకోండి. ధర 50 లక్షలు దాటింది కాబట్టి 1 శాతం, అంటే 68,000 టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) ఓనర్‌కు ఇచ్చే డబ్బులోంచి మినహాయించి మీరే ప్రభుత్వానికి కట్టాలి. ఓనర్ విదేశంలో ఉంటే లెక్క మారుతుంది, రేటు చాలా ఎక్కువ. ఓనర్ ఎక్కడుంటారో మీ ఉత్తరంలో రాయలేదు, ముందు అది కనుక్కోండి.