ముద్దబంతి గింజ వేస్తే రేకబంతి ఎందుకొచ్చింది?

ప్రశ్న: మాది చేవెళ్ల దగ్గర. పోయిన ఏడాది హైబ్రిడ్ బంతి బాగా పూసింది. ఆ పూల గింజలే దాచి ఈసారి అరెకరంలో నారు పోసి నాటాను. 50 రోజులైంది. చెట్లు నడుమెత్తు పెరిగాయి, ఆకు నల్లగా ఉంది, పూత మాత్రం పలచన. పూసినవాటిలో సగం ఒంటిరేకువే. హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో సగం ధర కూడా చెప్పడం లేదు. ఇప్పటికి మూడు బస్తాల యూరియా వేశాను. ఇంకో బస్తా వేస్తే పూత పెరుగుతుందా?

జవాబు: పెరగదండి. ఇక గుప్పెడు యూరియా కూడా వేయకండి. అరెకరం బంతికి పంట మొత్తం మీద ఒక బస్తా లోపే సరిపోతుంది. మీరు మూడింతలు వేశారు, అందుకే చెట్టు ఆకు మీదే పోయింది. ఈ లేత ఆకుకు తామర పురుగు, నల్లి కూడా తొందరగా వస్తాయి, ఆకు తిప్పి అడుగువైపు చూస్తూ ఉండండి. నీళ్లు తగ్గించి తడి ఆరాక ఇవ్వండి. మొదళ్లకు మట్టి ఎగదోయండి, లేకపోతే ఒక్క వానకు పడిపోతాయి. లీటరు నీటికి 5 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) కలిపి వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయండి.

రేకబంతి సంగతి ఎరువుతో తీరేది కాదు, అది గింజలో ఉంది. హైబ్రిడ్ అంటే రెండు వేర్వేరు రకాలను కలిపి తీసిన మొదటి తరం. దాని గింజ వేస్తే పిల్లలు ఒక్క తీరుగా రావు, ఒకదానికి తాత పోలిక, ఇంకోదానికి అమ్మమ్మ పోలిక.

ఇంకొక్కటి, ఇది చాలామంది గమనించరు. ఒక బంతిపువ్వును చీల్చి చూడండి. మనం ఒక్క పువ్వు అనుకునేది నిజానికి చిన్న చిన్న పువ్వుల గుత్తి. అంచున రేకుల్లా ఉన్నవి ఆడపూలు, వాటిలో పుప్పొడి ఉండదు. నడుమ గొట్టాల్లా ఉన్నవాటిలోనే పుప్పొడి ఉంటుంది. ముద్దబంతిలో నడుమ కూడా రేకులే నిండిపోతాయి కాబట్టి గింజ తక్కువ పడుతుంది. రేకబంతికి తేనెటీగలు బాగా వాలతాయి, గింజ దండిగా పడుతుంది. గింజ ఎక్కువున్న పువ్వే మంచిదని ఏరుకుంటే, తెలియకుండానే రేకబంతిని ఏరుకున్నట్టవుతుంది.

సొంత గింజే కావాలంటే పూసా నారంగి, పూసా బసంతి లాంటి సూటి రకాలు, అంటే హైబ్రిడ్ కానివి వేయండి. రేకపువ్వు విచ్చగానే ఆ చెట్టును పీకేయండి. పసుపు, నారింజ పక్కపక్కన వేస్తే తేనెటీగలు రెండింటినీ కలిపేస్తాయి. హైబ్రిడ్ వేసేటట్టయితే ప్రతి పంటకూ గింజ కొత్తగా కొనాల్సిందే.

ఇంత జరిగినా మీ చేనులో మంచి చెట్లు లేకపోలేదు. పెద్ద ముద్దగా పూసి, కొమ్మలు దట్టంగా ఉన్నవాటికి ఎర్ర పేలిక కట్టండి. వాటి పక్క కొమ్మల్లో మొగ్గ వేయని చివర్లను మూడు నాలుగు అంగుళాలు కోసి, అడుగు ఆకులు తీసి, తడి ఇసుకలో నీడన గుచ్చండి. రెండు వారాల్లో వేళ్లు వస్తాయి. కొమ్మతో పెంచిన మొక్క తల్లిని విడిచిపోదు, అదే పువ్వు పూస్తుంది. ఈ ఏడాది మీకు నా మొదటి సలహా ఇదే.

వాటిని నాటేముందు అరెకరానికి 4 నుంచి 5 టన్నుల మాగిన పశువుల ఎరువు, రెండు బస్తాలకు కాస్త పైన సూపర్ (సింగిల్ సూపర్ ఫాస్ఫేట్), అర బస్తా పొటాష్, 20 కిలోల యూరియా దుక్కిలో వేయండి. మిగిలిన 20 కిలోల యూరియా నాటిన 45 రోజులకు. గింజ నారు వేస్తే నాటిన నెలకు తలలు తుంచండి. పూత పది పదిహేను రోజులు వెనక్కి పోతుంది కాబట్టి బతుకమ్మకు, దసరాకు కోత కావాలంటే ఆ రోజులు ముందే లెక్కేసుకుని నారు పోయండి. తుంచిన తలలు పారేయకండి, వాటినీ ఇసుకలో గుచ్చుకోవచ్చు.