ఆదివారం టికెట్ ఎవరికీ ఇవ్వకు

సియాటిల్,
24 సెప్టెంబర్ 2023

అమ్మలూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి అరగంట సేపు నీమీద చాడీలు చెప్పింది. రిటైరవుతున్న బేస్‌బాల్ ఆటగాడు, నీ మిగ్గీ కబ్రేరా చివరి మూడు మ్యాచ్‌లకీ టికెట్లు కొన్నావట, శుక్రవారం ఆఫీసుకి సెలవు కూడా పెట్టావట. "ఇదెక్కడి పిచ్చయ్యా, అచ్చం నీ పోలికే" అంది. నేను లోపల పొంగిపోయి, పైకి మాత్రం "నేను మాట్లాడతాలే వదినా" అన్నాను. కానీ ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట చెప్పింది. ఆదివారం టికెట్ ఎవరికైనా ఇచ్చేద్దామా అని చూస్తున్నావట. ఆట తగ్గిపోయిన కబ్రేరాని అలా చూడలేనన్నావట. దాంతో నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్లో అయితే నన్ను మాట్లాడనివ్వవు, అందుకే రాస్తున్నాను.

చిన్న విషయాలు ముందు. స్వెటర్ తీసుకెళ్ళు. కారు వెలుతురున్న చోట పెట్టు. తిని వెళ్ళు. ట్రాఫిక్ అంటూ తొమ్మిదింటిలో ఏడో ఇన్నింగ్స్‌కే లేచి వచ్చేశావో, ఊరుకోను.

ఇక అసలు సంగతి. నేను సియాటిల్‌లో దిగిన 2001లోనే ఇచిరో అనే బేస్‌బాల్ ఆటగాడు జపాన్ నుంచి మా ఊరి జట్టు మెరైనర్స్‌కి వచ్చాడు. ఇద్దరం ఊరికి కొత్తే. కాకపోతే ఆయన మొదటి ఏడాదే ఎంవీపీ, అంటే లీగ్‌లో మేటి ఆటగాడు అయ్యాడు, నేను డ్రైవింగ్ టెస్ట్ రెండుసార్లు తప్పాను. బేస్‌బాల్ అప్పటికి నాకు ముక్క తెలీదు. కానీ బంతిని సందులోకి తోసి, బ్యాట్ తిప్పడం పూర్తవకముందే పరుగందుకునే ఆ మనిషిని చూస్తే మన క్రికెట్ వాడే అనిపించింది. సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య కాపుండే షార్ట్‌స్టాప్ వైపు బంతి మామూలుగా దొర్లితే, అతను దాన్ని ఫస్ట్ బేస్‌కి ముందు చేరేస్తాడు, ఎవరైనా ఔటే. ఇచిరో మాత్రం, వాళ్ళు దాన్ని ఏరుకుని విసిరేలోపు ఫస్ట్ బేస్ దాటేసేవాడు.

అప్పుడు ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. బంతి కొట్టి బేస్ చేరిన ప్రతి హిట్‌కీ ఓ గీత, నాలుగు గీతలయ్యాక ఐదోది అడ్డంగా, మా అమ్మ పాల లెక్క రాసుకున్నట్టు. పదేళ్ళు వరసగా ఏటా 200 దాటాయి. 2004లో అయితే 262, దాంతో 84 ఏళ్ళ నాటి రికార్డు పోయింది. 2011లో 184 దగ్గర ఆగిపోయింది. నిజం చెప్తున్నానమ్మా, నాకు బాధ కలగలేదు, కోపం వచ్చింది. బాకీ ఎగ్గొట్టినవాడి మీద వచ్చేలాంటి కోపం. నోట్‌బుక్ తీసుకెళ్ళి గరాజ్‌లో పడేశాను. మరుసటి ఏడు ఆయన ఔటైనప్పుడల్లా "ఇంక చాలు, దిగిపో" అని టీవీ మీద అరుస్తుంటే, మీ పిన్ని విసుగొచ్చి కట్టేసేది. ఆయనకప్పుడు 38. నాకంటే చిన్నవాడు!

2012 జూలై 23, సోమవారం. న్యూయార్క్ జట్టు యాంకీస్‌తో మ్యాచ్, టికెట్ నెల ముందే కొన్నాను. పొద్దున్నే ఆఫీసులో, "ముసలాడి ఆట నేనెందుకు చూడాలి, నువ్వెళ్ళు" అని పక్క సీటు కుర్రాడికి ఇచ్చేశాను. మధ్యాహ్నం వార్త వచ్చింది. ఇచిరోని యాంకీస్‌కి ఇచ్చేశారు. ఆ రాత్రే, మా సేఫ్‌కో ఫీల్డ్ స్టేడియంలోనే, అవతలి జట్టు తరఫున ఆడతాడు. టికెట్ వెనక్కి అడగడానికి నాకు నోరు రాలేదు. ఇంట్లో టీవీలో చూశాను. వీపు మీద 51 బదులు 31. మూడో ఇన్నింగ్స్‌లో బ్యాటింగ్‌కి వస్తుంటే జనమంతా లేచి నిలబడ్డారు. హెల్మెట్ తీసి, నడుం వంచి దణ్ణం పెట్టాడు. ఇటు తిరిగి మళ్ళీ పెట్టాడు. ఆ వెంటనే హిట్ కొట్టి, పనిలో పనిగా బంతి విసిరేవాడి కన్నుగప్పి పరుగెత్తి సెకండ్ బేస్ కూడా కొట్టేశాడు. మర్నాడు ఆ కుర్రాడు "భలే మ్యాచ్ ఇచ్చారు సార్" అని నాకు కాఫీ ఇప్పించాడు. ఆ కాఫీ ఇంకా గొంతు దిగలేదు.

మీ తాతయ్య చివరి రెండేళ్ళూ నేను ఊరికి రాకపోవడానికి సెలవులు దొరక్కపోవడం కారణం కాదు. మీ నాన్నకి తెలుసు. ఆ మాట ఇప్పుడొద్దు.

నీ మిగ్గీ సంగతి నాకు తెలీదనుకోకు. సగటు, హోమ్ రన్లు, తెప్పించిన పరుగులు మూడింట్లోనూ లీగ్‌లో మొదటివాడై ట్రిపుల్ క్రౌన్ గెలిచిన 2012లో 44 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివే), పోయినేడు మొత్తం కలిపి 5. మోకాలు ఎప్పుడో పోయింది. పక్క సీట్లో ఎవడో ఒకడు జీతం లెక్క తీస్తాడు, ఏడాదికి 3 కోట్ల డాలర్లు దండగ అని. తియ్యనీ. గొడవ పెట్టుకోకు, నీకు మీ నాన్న నోరొచ్చింది. ఆయన బ్యాట్ పట్టుకున్నంతసేపూ ఫోన్ సంచిలో ఉంచు. ఔటైనా సరే, మళ్ళీ డగౌట్‌లోకి వెళ్ళేదాకా చూడు. ఏడుపొస్తే ఏడువు, నీళ్ళ సీసా ఉంటుందిగా.

ఇచిరో ఆఖరి ఆట టోక్యోలో, 2019 మార్చి 21న. ఇక్కడ తెల్లవారుజాము రెండున్నర. మీ పిన్ని తిడుతున్నా అలారం పెట్టుకుని లేచాను. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బంతి షార్ట్‌స్టాప్ వైపు దొర్లింది. అచ్చం 2001 నాటి బంతే. 45 ఏళ్ళ మనిషి అలాగే పరుగందుకున్నాడు. సోఫాలోంచి నేనూ లేచాను. బంతి ఒక్క అడుగు ముందు చేరింది. కాసేపటికి ఆయన్ని మైదానంలోంచి లోపలికి పిలిచేశారు. నేను గరాజ్‌లోకి వెళ్ళి నోట్‌బుక్ వెతికి, 184 ఉన్న పేజీ తిప్పి, తేదీ వేసి సున్నా చుట్టాను.

ఆదివారం ఆట అయ్యాక ఫోన్ చెయ్యి. స్కోరు చెప్పక్కర్లేదు, నేను చూసుకుంటాను. డగౌట్‌లోంచి ఎలా నడిచొచ్చాడో చెప్పు.

మీ బాబాయ్

తా.క. టికెట్ ధర మాత్రం మీ అమ్మకి చెప్పకు.