గోడలా పేర్చిన లైవ్ రాక్

ప్రశ్న: మా నాలుగడుగుల ఉప్పునీటి అక్వేరియంలో లైవ్ రాక్‌ను (సూక్ష్మజీవులు నివసించే, రంధ్రాలున్న పగడపు రాళ్లను) వెనుక అద్దానికి ఆనించి గోడలా పేర్చాను. రాళ్ల వెనుక మురికి చేరుతోంది. మొన్న పైరాయి ఒకటి జారింది. ఎలా సర్దాలి? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ రెండు ఇబ్బందులకూ మూలం ఆ గోడే. లైవ్ రాక్ రంధ్రాలలో స్థిరపడిన బాక్టీరియా చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమోనియాను నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మారుస్తుంది కాబట్టి, నీరు అన్ని వైపుల నుంచీ రాతిని తాకుతూ సాగాలి. అద్దానికీ రాళ్లకూ మధ్య మీ చెయ్యి పట్టేంత జాగా వదలండి.

పెద్ద రాళ్లను ఇసుక మీద కాక, తొట్టె అడుగున నేరుగా నిలబెట్టి, తరువాతే చుట్టూ ఇసుక పోయండి. గోబీ చేపలు, పిస్టల్ రొయ్యలు ఇసుకను తవ్వినప్పుడు దానిపై నిలిచిన కట్టడం కూలుతుంది. ప్రతి పైరాయికీ కింద మూడుచోట్ల ఆనిక ఉండాలి. చేత్తో నొక్కినప్పుడు కదిలితే, అక్వేరియం ఎపాక్సీతో అతికించండి. ఒకే గుట్టకు బదులు ఎత్తు తేడా ఉన్న రెండు దిబ్బలు, వాటి మధ్య ఖాళీ ఇసుక ఉంటే చూపుకూ బాగుంటుంది. రాళ్లు ఎక్కువైతే మేలన్న నమ్మకం నాకు లేదు.

సర్దేటప్పుడు రాళ్లను ఉప్పునీటిలోనే ఉంచండి. ఎండితే వాటిపై జీవులు చచ్చి అమోనియా పెరుగుతుంది. పని ముగిశాక కొన్నాళ్లు అమోనియాను పరీక్షిస్తూ ఉండండి.

మరొక మాట: సముద్రం దగ్గరే కదా అని పగడపు రాళ్లు ఏరి తేకండి. దిబ్బలు కట్టే పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది.